ఏజెంటు, ఇన్‌ఫార్మర్, మధ్యలో ప్రేమ: ‘నొటోరియస్’ క్రైటీరియన్ బ్లూరే

పోలీసు అధికారీ, అతనికి లోపలి సమాచారం చేరవేసే ఇన్‌ఫార్మరూ ప్రేమలో పడ్డారంటే నమ్మించడం చాలా కష్టం. ఒకరి బతుకు ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఎవరింటికి వెళ్లాలో, ఏం కనుక్కోవాలో, ఎప్పుడు ఆపాలో అధికారి చెబుతాడు. ప్రాణం మీదికి వస్తే పోయేది మాత్రం ఇన్‌ఫార్మర్ ప్రాణం. ఈ ఎగుడుదిగుడును పక్కన పెట్టేసి, రెండు చూపులూ ఒక వానపాటా పెట్టి ప్రేమ అనిపించే కథలు బోలెడు. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1946లో తీసిన ‘నొటోరియస్’ ఆ పని చెయ్యదు. ఇందులో ప్రేమ పుట్టేదీ, చితికిపోయేదీ, చివరికి నిలబడేదీ కూడా ఆ ఉద్యోగం వల్లే. ఈ తరహా కథల్లో ఇంత నమ్మకంగా అల్లిన ఇంకొకటి లేదని నా గట్టి అభిప్రాయం. పాత సినిమాలను మెరుగుపరిచి డిస్కులుగా అమ్మే అమెరికన్ కంపెనీ క్రైటీరియన్ 2019 జనవరిలో తెచ్చిన బ్లూరే మీద ఈ సమీక్ష. ప్రేమ ఎలా పనిచేసిందో చెప్పాలంటే కథ చివరిదాకా చెప్పక తప్పదు కాబట్టి, చూడనివాళ్లు చూసొచ్చి చదవడం మంచిది.

కొనేముందు తెలుసుకోవలసింది ఒకటుంది. ఈ డిస్కు రీజియన్ ఏ ప్లేయర్లలోనే ఆడుతుంది. అమెరికా, కెనడాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఇబ్బంది లేదు. ఇండియా రీజియన్ సీ కిందికి వస్తుంది కనుక హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొన్న మామూలు ప్లేయర్ దీన్ని తీసుకోదు. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ కావాలి. ‘రీజియన్ ఫ్రీ’ అని పెట్టె మీద ఉన్నా అది డీవీడీలకేనా, బ్లూరేలకు కూడానా అని అడిగి మరీ కొనండి. చాలా మోడళ్లలో ఆ వెసులుబాటు డీవీడీల వరకే. డిస్కు అసలు ధర 39.95 డాలర్లు. అమెరికాలో ఏటా క్రైటీరియన్ డిస్కులు సగం ధరకు వచ్చే సేల్స్ ఉంటాయి, తొందర లేనివాళ్లు అప్పటిదాకా ఆగొచ్చు. సబ్‌టైటిల్స్ ఇంగ్లిషులో మాత్రమే ఉన్నాయి. అవి పెట్టుకునే చూడమంటాను. ముఖ్యమైన మాటలన్నీ ఇందులో గొంతు తగ్గించి చెప్పేవే.

4కేలో పునరుద్ధరించిన బొమ్మ చాలా బాగుంది. టెడ్ టెట్జ్‌లాఫ్ ఛాయాగ్రహణంలో నలుపుకీ తెలుపుకీ మధ్య ఉన్న బూడిదరంగు మెట్లన్నీ కనిపిస్తాయి, ఫిల్మ్ గ్రెయిన్ (ఫిల్మ్ మీద సహజంగా ఉండే సన్నటి నలకలు) చెరిపెయ్యలేదు. పాతకాలపు చదరపు ఫ్రేము కాబట్టి టీవీకి రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. వాటిని పోగొట్టడానికి రిమోట్‌లో జూమ్ నొక్కితే పైనా కిందా తెగిపోతుంది. చేతులూ, కప్పులూ, తాళంచెవులూ ఫ్రేము అంచుల్లో పెట్టి కథ చెప్పిన సినిమా ఇది. తెగితే కథే తెగుతుంది. శబ్దం మోనో, శుభ్రంగా ఉంది. ఒక్క నష్టం: బొమ్మ ఇంత స్పష్టమయ్యేసరికి వెనక తెర మీద వేసిన రియో దృశ్యాలు మరీ బయటపడిపోయాయి. నటులు బ్రెజిల్ వెళ్లలేదు, అక్కడి దృశ్యాలు వేరే బృందం తీసుకొస్తే హాలీవుడ్ స్టూడియోలో వాటి ముందు నటించారు. గుర్రపు స్వారీ దగ్గర అది కళ్లకు కొట్టినట్టు తెలుస్తుంది.

ఇక అసలు విషయం. అలీసియా హ్యూబర్మన్ తండ్రి దేశద్రోహం కేసులో 20 ఏళ్ల శిక్ష పడ్డ నాజీ గూఢచారి. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ వేసిన అలీసియా తాగుడులోనూ, పార్టీల్లోనూ ఆ పరువు తక్కువను ముంచేస్తుంటుంది. క్యారీ గ్రాంట్ వేసిన డెవ్లిన్ అమెరికా ప్రభుత్వ ఏజెంటు. రియో డి జనీరోలో మకాం పెట్టిన నాజీ ముఠాలోకి ఆమెను పంపాలి. ఆ ముఠాలో అలెగ్జాండర్ సెబాస్టియన్ అనే పెద్దమనిషి ఒకప్పుడు ఆమెను ప్రేమించినవాడు. పనంతా ఆ పాత ప్రేమ మీదే ఆధారపడి ఉంది.

ఆమె సిసలైన నేరస్తురాలు కాదు. మామూలు ఇన్‌ఫార్మర్ మెడ మీద తన కేసే వేలాడుతుంటుంది, శిక్ష తగ్గుతుందన్న ఆశ మీద పనిచేస్తాడు. అలీసియా మీద కేసు లేదు, తండ్రి పేరు మాత్రం ఉంది. అయినా ఆమెను దారికి తెచ్చిన పద్ధతి అచ్చం ఇన్‌ఫార్మర్ని తయారుచేసే పద్ధతే, అది మెట్టుమెట్టుగా చూపిస్తారు. ముందు డెవ్లిన్ ఆమె పార్టీలో మాటలేని అతిథిగా వచ్చి కూర్చుంటాడు. తెర మీద మనకు అతని తల వెనకభాగమే కనిపిస్తుంది. తర్వాత ఆమె తాగి కారు నడుపుతుంటే ట్రాఫిక్ పోలీసు ఆపుతాడు. డెవ్లిన్ కార్డు చూపించగానే పోలీసు సెల్యూట్ కొట్టి వెళ్లిపోతాడు. తను ఎవరి చేతిలో పడిందో ఆమెకు అప్పుడే తెలుస్తుంది, తిరగబడుతుంది. తెల్లారాక హ్యాంగోవర్‌లో ఉన్న మనిషికి గ్లాసు అందించి పని చెబుతాడు. కాదంటుంది. అప్పుడు గ్రామఫోన్ రికార్డు పెడతాడు: ఆ ఇంట్లో మైకులు పెట్టి దొంగచాటుగా విన్న సంభాషణ. తండ్రి తనతో కలిసి పనిచెయ్యమంటే, ఈ దేశం నాకిష్టం, నేను చెయ్యనని ఆమె కోపంగా అన్న మాటలు అందులో ఉంటాయి.

ఈ రికార్డు దగ్గరే ఆగి చూడాలి, ఎందుకంటే ప్రేమకథ మొత్తానికి పునాది ఇదే. ఆమెలోని అన్నిటికంటే మంచి గుణం డెవ్లిన్‌కి ఆమె చెప్పకముందే తెలుసు. రుజువు చేతిలో ఉంది. అయినా తర్వాత గంటన్నర పాటు ఆమె తాగుబోతే, తిరుగుబోతే అన్నట్టు ప్రవర్తిస్తాడు. రియోలో హోటల్ బల్ల దగ్గర, ఎనిమిది రోజులుగా మందు ముట్టలేదని ఆమె చెబితే మెచ్చుకోకుండా పొడుస్తాడు. నమ్మాలని ఉంది, నమ్మితే మోసపోతానని భయం. పోలీసు పనిలో ఏళ్లు గడిపినవాళ్లకు మనుషుల పాత ఫైలు కొత్త మాటకంటే ఎక్కువ నిజంగా కనిపిస్తుంది. ఆ వృత్తి దోషాన్ని ప్రేమికుడి అసూయతో కలిపెయ్యడం రచయిత బెన్ హెక్ట్ చేసిన గొప్ప పని.

తర్వాతది బాల్కనీ ముద్దు. ముద్దును సాగదియ్యడానికి సెన్సారు ఒప్పుకోని రోజులు కనుక ఇద్దరూ మధ్యమధ్యలో ఆగి, వంట గురించీ ఫోను గురించీ మాట్లాడుకుంటూ, అతుక్కుపోయి బాల్కనీ నుంచి తలుపు దాకా నడుస్తారు. సుమారు రెండున్నర నిమిషాలు. ఆ తడబాటు నడకలో వాళ్లు ప్రేమికులని నమ్మకం కలగడానికి కారణం ముద్దు కాదు. ఆమె కోడి వండుతానంటోంది, అతను హోటల్‌కి ఫోన్ చేసి కబుర్లేమైనా ఉన్నాయా అని అడుగుతున్నాడు. ఆఫీసు నుంచి రమ్మని కబురు ఉంది. ఆ ఫోను ఉద్యోగానిది, అది ముద్దు మధ్యలోకి వచ్చింది.

వచ్చేటప్పుడు మంచి వైన్ సీసా తెమ్మంటుంది. షాంపేన్ సీసా కొనుక్కుని పై అధికారి ప్రెస్కాట్ ఆఫీసుకి వెళతాడు. సెబాస్టియన్‌ని వలలో వేసుకోవడమే ఆమె పని అని అప్పుడే తెలుస్తుంది. అలాంటి పని చేసే మనిషి కాదేమోనని గొణుగుతాడు, అధికారులు ఒత్తిడి చేస్తే ఊరుకుంటాడు. సీసా బల్ల మీద వదిలేసి వెళ్లిపోతాడు. ఇంటికొచ్చాక బాల్కనీలో కోడి చల్లారిపోతుంటుంది. నా తరఫున ఏమైనా చెప్పావా అని ఆమె అడుగుతుంది. అది నీ ఇష్టానికి వదిలేశానంటాడు. నన్ను వెళ్లొద్దను అని ఆమె చూపు, నువ్వే వెళ్లనను అని అతని చూపు. ఎవరూ అనరు. చివర్లో షాంపేన్ ఎక్కడో మరిచిపోయానంటూ వెతుక్కుంటాడు.

ఇలాంటి కథ రాయాలనుకునేవాళ్లు ఈ దృశ్యాన్ని పది సార్లు చూడాలి. తప్పు జరిగేది ఇక్కడే. సాధారణంగా రచయితలు అధికారి చేత ‘వద్దు, నేను ఉద్యోగం వదిలేస్తాను’ అనిపిస్తారు. ఆ మాటతో ఇద్దరి మధ్య తూకం సమానమైపోయిందని అనుకుంటారు. కానీ కాదనే స్వేచ్ఛ ఆమెకు నిజంగా ఉందా? విదేశంలో ఉంది, తిండీ గదీ ప్రభుత్వానివి, తండ్రి జైల్లో విషం మింగి చచ్చిపోయిన కబురు కూడా విమానంలో ఇతనే చెప్పాడు. అలాంటి మనిషిని ‘నీ ఇష్టం’ అనడం పెద్దరికంలా కనిపిస్తుంది, చేతులు దులుపుకోవడం మాత్రమే అది. డెవ్లిన్ తప్పు ఇది, సినిమా దాన్ని మాఫీ చెయ్యదు.

నిజజీవితంలో ఈ సంబంధాలను వ్యవస్థలు ఎందుకంత కఠినంగా నిషేధిస్తాయో కూడా ఇక్కడే అర్థమవుతుంది. అమెరికా న్యాయశాఖ 2001లో రహస్య ఇన్‌ఫార్మర్ల మీద తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏజెంటు ఇన్‌ఫార్మర్‌తో కానుకలు ఇచ్చిపుచ్చుకోకూడదు, డబ్బు వ్యవహారాలు పెట్టుకోకూడదు, పని అవసరానికి మించి కలిసి తిరగకూడదు. డబ్బు ఇచ్చేటప్పుడు ఇంకో అధికారి సాక్షిగా ఉండాలి, రసీదు ఉండాలి. మన దగ్గర ఇన్‌ఫార్మర్ పేరు బయటపెట్టమని పోలీసును బలవంతం చెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. పాత సాక్ష్యాధారాల చట్టంలో 125వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 131వది. మనిషిని కాపాడడానికే ఆ గోప్యత. కానీ దానివల్ల ఇన్‌ఫార్మర్‌కి లోకంలో దిక్కు ఒక్క అధికారే అవుతాడు. ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర పడినందుకే మనుషుల్ని చంపేసిన ఊళ్లు తెలంగాణలో, ఆంధ్ర సరిహద్దుల్లో ఉన్నాయి. అంతగా ఒకరి మీదే ఆధారపడిన చోట పుట్టిన ఇష్టం ఎంత ఇష్టమో, ఎంత భయమో వేరు చెయ్యడం ఎవరికీ సాధ్యం కాదు.

అమెరికా కోర్టు రికార్డుల్లో రెండు కేసులున్నాయి. కెంటకీలో పనిచేసిన ఎఫ్‌బీఐ ఏజెంటు మార్క్ పుట్నమ్ తన ఇన్‌ఫార్మర్‌తో సంబంధం పెట్టుకుని, ఆమె గర్భవతయ్యాక 1989లో గొడవలో చంపేశాడు. 1990లో నేరం ఒప్పుకుంటే 16 ఏళ్ల శిక్ష పడింది. ఇంకోటి లాస్ ఏంజెలెస్‌ది. జేమ్స్ స్మిత్ అనే ఎఫ్‌బీఐ అధికారి చైనా వ్యవహారాల మీద ‘పార్లర్ మెయిడ్’ అన్న మారుపేరున్న ఇన్‌ఫార్మర్‌ని దాదాపు 20 ఏళ్లు నడిపాడు, ఆమెతో సంబంధమూ పెట్టుకున్నాడు. ఎఫ్‌బీఐ ఆమెకు మొత్తం 17 లక్షల డాలర్లు ఇచ్చింది. ఆమె చైనా అధికారితో రహస్యంగా మాట్లాడిన టేపు 1991లోనే దొరికినా ఆ వ్యవహారం స్మిత్ చేతిలోనే ఉండిపోయింది. ఆమె ఇంటికి వెళ్లినప్పుడు అతని బ్రీఫ్‌కేసులోంచి పత్రాలు తీసి కాపీ చేసుకునేదని ప్రభుత్వం ఆరోపించింది. 2003లో ఇద్దరినీ అరెస్టు చేశారు. చివరికి ఇద్దరూ చిన్న నేరాలు ఒప్పుకుని ప్రొబేషన్‌తో బయటపడ్డారు.

స్మిత్ కథలో అనుమానం రావలసిన చోట రాలేదు. డెవ్లిన్ కథలో నమ్మకం రావలసిన చోట రాలేదు. మనసు పడ్డ అధికారి సమాచారాన్ని సరిగ్గా తూచలేడు, ఏదో ఒక వైపు కాటా వాలిపోతుంది. హిచ్‌కాక్ రెండో వైపును ఎంచుకున్నాడు, అందుకే ప్రేమకు అవకాశం మిగిలింది. గుడ్డిగా నమ్మే ఏజెంటును మనం జాలిపడి చూస్తాం. నమ్మలేక నలిగిపోయే ఏజెంటు మారాలని కోరుకుంటాం.

పనిలో దొర్లిన తప్పుల్లోంచే ప్రేమకథ ముందుకు కదలడం ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది. స్వారీ క్లబ్బులో సెబాస్టియన్ ఆమెను పోల్చుకోకపోతే, డెవ్లిన్ ఆమె గుర్రాన్ని కాలితో తన్ని పరుగెత్తిస్తాడు. సెబాస్టియన్ వెంటపడి కాపాడతాడు. తను ప్రేమించిన మనిషిని డెవ్లిన్ చేతులారా ఇంకొకరి వైపు తోలిన క్షణం అది, మాట ఒక్కటీ లేదు. తర్వాత గుర్రపు పందేల దగ్గర ఇద్దరూ అనుకోకుండా కలిసినట్టు నటిస్తూ సమాచారం ఇచ్చిపుచ్చుకుంటారు. సెబాస్టియన్‌ని తన ప్రియుల జాబితాలో చేర్చుకోమని ఆమె అంటుంది. గాయపరచడానికి అన్న మాట కాదు, ఆపుతాడేమోనన్న ఆఖరి ఆశ. డెవ్లిన్ దాన్ని నివేదికలాగే తీసుకుని ఎదురు దెబ్బ కొడతాడు. ఆమె ఏడుపును బైనాక్యులర్స్ పెట్టుకుని దాచుకుంటుంది. ఇన్‌ఫార్మర్‌ని బహిరంగంగా కలవడమే పొరపాటు, ఆ కలిసినప్పుడు గొడవ పడడం ఇంకా పెద్ద పొరపాటు. దూరం నుంచి సెబాస్టియన్ తన బైనాక్యులర్స్‌తో ఇదంతా చూశాడు. డెవ్లిన్ నీకేమీ కాడని నాకు రుజువు చెయ్యమంటాడు. రుజువు పెళ్లి. ఆమె అధికారుల దగ్గరికొచ్చి ఏం చెయ్యమంటారని అడిగినప్పుడు డెవ్లిన్ అక్కడే ఉంటాడు, ముఖం తిప్పుకుని ఉంటాడు. కానీ ఆమె లేనప్పుడు, ఆమె శీలం గురించి అధికారులు చులకనగా మాట్లాడితే, ప్రాణాలు ఒడ్డుతున్నది ఎవరో గుర్తుచేసి వాళ్ల నోరు మూయిస్తాడు. ఆమెకు వినబడేలా అనవలసిన మాట ఆమెకు తప్ప అందరికీ చెబుతాడు.

క్లాడ్ రైన్స్ వేసిన సెబాస్టియన్ ఈ ప్రేమకథకు కొలబద్ద. చెడ్డవాడు రాక్షసుడైతే అలీసియాకు కష్టమేమీ ఉండదు, మనకూ ఉండదు. ఈయన బెర్గ్‌మన్ కన్నా పొట్టి, వయసులో పెద్ద, అమ్మ కూచి, నాజీ. ఆమెను మాత్రం నిజంగా ప్రేమించాడు. డెవ్లిన్ చెప్పలేని మాట ఈయన రోజూ చెబుతాడు, కుటుంబాన్ని ఎదిరించి పెళ్లాడతాడు, తాళంచెవుల గుత్తి చేతికిస్తాడు. ఎవరు ఎక్కువ ప్రేమించారని అడిగితే సగం సినిమా వరకూ సెబాస్టియన్ అనే చెప్పాలి. ఈ ఇబ్బందిని ధైర్యంగా పెట్టుకున్నందుకే చివర డెవ్లిన్ ప్రేమకు విలువొచ్చింది. రైన్స్‌కి సహాయ నటుడిగానూ, హెక్ట్‌కి రచయితగానూ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, బహుమతులు రాలేదు.

విందు దృశ్యం గురించి అందరూ రాసేది ఆ కెమెరా గురించే. పై అంతస్తు నుంచి హాలంతా చూపిస్తూ జారుకుంటూ వచ్చి అలీసియా పిడికిట్లో ఉన్న సెల్లారు (వైన్ సీసాలు దాచే నేలమాళిగ) తాళంచెవి మీద ఆగుతుంది. నాకు అంతకంటే ముఖ్యం ఆ తాళంచెవి ఎలా వచ్చిందన్నది. భర్త స్నానాల గదిలో ఉండగా గుత్తిలోంచి తీస్తుంది. ఆయన బయటికొచ్చి, అనుమానించినందుకు క్షమించమంటూ రెండు చేతులూ పట్టుకుంటాడు. ఒక అరచెయ్యి తెరిచి ముద్దు పెడతాడు. తాళంచెవి రెండో చేతిలో ఉంది. దాన్ని తెరవకముందే ఆమె మెడకు చేతులు చుట్టేసి, ఆయన వీపు వెనక తాళంచెవిని కింద పడేసి కాలితో బల్ల కిందికి నెట్టేస్తుంది. కౌగిలే దొంగతనానికి ముసుగు. కాసేపటికి సెల్లారులో డెవ్లిన్ కూడా అదే పని చేస్తాడు. ఒక సీసా పగిలి, ముఠా వైన్ సీసాల్లో దాచిన నల్లటి ఖనిజపు ఇసుక ఒలికింది. దాన్ని ఊడ్చి, ఇంకో సీసాలో పోసి, బిరడా బిగించి పెట్టారు. పైన షాంపేన్ అయిపోయి సెబాస్టియన్ కిందికి వస్తున్నాడు. పట్టుబడకుండా ఉండాలంటే ప్రేమికుల్లా పట్టుబడాలి, అందుకని డెవ్లిన్ ఆమెను ముద్దు పెట్టుకుంటాడు. నటనగా మొదలైన ముద్దు నటనగా ముగియదు. బెర్గ్‌మన్ ముఖంలో అది తెలుస్తుంది.

ఆ పని ఎందుకు బయటపడిందో కూడా సినిమా లెక్కగా చెబుతుంది. గుత్తిలో తాళంచెవి రాత్రి లేదు, పొద్దున్నకి వచ్చి చేరింది. సెబాస్టియన్ సెల్లారుకి వెళ్లి చూస్తే ఒక సీసా మీద సంవత్సరం పక్క సీసాలతో కలవదు. పగిలిన గాజు మిగిలే ఉంది. తొందర్లో వాళ్లు సీసా మార్చారు, లేబుల్ చూడలేదు. ఆ అర్ధరాత్రి చిన్న నిర్లక్ష్యానికి మూల్యం రోజూ కాఫీలో కలిసే విషం. కోడలు గూఢచారని ముఠా వాళ్లకు తెలిస్తే కొడుకును చంపేస్తారు కనుక చావు జబ్బులా కనిపించాలని తల్లి పథకం వేస్తుంది. లియోపోల్డీన్ కాన్‌స్టాంటిన్ ఆ తల్లి పాత్రలో మంచం మీద కూర్చుని సిగరెట్ వెలిగించుకునే తీరు చూడండి.

తర్వాత పార్కు బెంచీ. ఇన్‌ఫార్మర్‌ని నడిపే అధికారి చెయ్యకూడని తప్పులన్నీ ఈ ఒక్క దృశ్యంలో ఉన్నాయి. ఆమె ముఖం పాలిపోయింది, వెలుతురుకు కళ్లు తెరవలేకపోతోంది, మాట తడబడుతోంది. ఇతను కళ్లారా చూసి ‘మళ్లీ తాగుతున్నావు’ అనేస్తాడు. పాత ఫైలు మాట్లాడింది. ఇతను స్పెయిన్‌కి బదిలీ అడిగాడని ఆమెకు అప్పటికే తెలుసు, అందుకే నిజం చెప్పదు. మయామీలో మొదటి రాత్రి చలేస్తుందని అతను తన నడుముకు కట్టిన స్కార్ఫ్ తిరిగిచ్చేసి వెళ్లిపోతుంది. ఇద్దరూ ప్రేమించుకుంటున్నారు, ఆ ప్రేమ వల్లే ఇద్దరిలో ఒక్కరికీ నోరు రాదు. మామూలు ఇన్‌ఫార్మర్ అయితే ‘నాకు ఒంట్లో బాగాలేదు, ఏదో తేడాగా ఉంది’ అని చెప్పేది, అధికారి రాసుకునేవాడు, డాక్టరు వచ్చేవాడు. ప్రేమ ఉండడం వల్ల చచ్చిపోయే పరిస్థితి వచ్చింది. ఈ నిజాన్ని ఇంత సూటిగా చెప్పిన ప్రేమకథ అరుదు.

అయిదు రోజులు ఆమె రాదు. తాగి పడిపోయి ఉంటుందని అధికారి తేలిగ్గా తీసేస్తాడు. డెవ్లిన్ అప్పటికి ఆలోచించుకున్నాడు: అది తాగిన ముఖం కాదు, జబ్బు ముఖం. ఒక్కడే ఆ ఇంటికి వెళతాడు. పడకగదిలో చెప్పే మాటల్లో కవిత్వం లేదు, తన బుర్ర పనిచెయ్యలేదనీ, ఆమె లేకుండా నరకం పడ్డాననీ ఒప్పుకుంటాడు. ముందే ఎందుకు చెప్పలేదని ఆమె అడుగుతుంది. క్షమించానని ఎక్కడా అనదు, అతను అడగడు కూడా. ఆమెను నిద్రపోనివ్వకుండా మాట్లాడిస్తూ, నడిపిస్తూ మెట్లు దిగుతాడు. కింద ముఠా చూస్తోంది. సెబాస్టియన్ అరిస్తే ఇద్దరూ పోతారు, అరిస్తే ఆయన గుట్టూ బయటపడుతుంది. కారెక్కాక డెవ్లిన్ తలుపు లోపలి నుంచి తాళం వేసేస్తాడు. ఆ క్షణంలో నాకు సెబాస్టియన్ మీద జాలేస్తుంది. అలీసియాను కాపాడిన చేత్తోనే డెవ్లిన్ ఆయన్ను చావుకి అప్పగించాడు. ఇదే ఉద్యోగం, ఇదే ప్రేమ. సినిమా ఆ రెండింటినీ విడదీసి మనకు ఉపశమనం ఇవ్వదు.

లోపాలు లేవని కాదు. ప్రెస్కాట్, ఆయన చుట్టూ ఉన్న అధికారులు బల్లల వెనక కూర్చున్న గొంతులే తప్ప మనుషులు కారు. అలీసియాకు ఇస్తున్నదేమిటో, పని అయ్యాక ఆమె గతేమిటో ఒక్క మాట ఉండదు. ఇన్‌ఫార్మర్ల లోకం తెలిసినవాళ్లకు అది పెద్ద ఖాళీగా తోస్తుంది. డెవ్లిన్ పుల్లవిరుపు మాటలు మధ్యలో రెండు దృశ్యాల్లో మోతాదు మించాయి. ముఠా సభ్యుల్లో డాక్టర్ ఆండర్సన్ తప్ప ఎవరూ గుర్తుండరు.

అదనపు సరుకుల్లో రెండు వ్యాఖ్యానాలున్నాయి. మరియన్ కీన్‌ది దృశ్యాల నిర్మాణం మీద, రూడీ బెల్మర్‌ది నిర్మాణ చరిత్ర మీద. సమయం ఒక్కదానికే ఉంటే బెల్మర్ వ్యాఖ్యానం వినండి. నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ ఈ సినిమాను హెక్ట్, హిచ్‌కాక్, గ్రాంట్, బెర్గ్‌మన్‌లతో కలిపి ఆర్‌కేఓ కంపెనీకి 8 లక్షల డాలర్లకూ, లాభాల్లో సగానికీ అమ్మేసిన సంగతుల్లాంటివి అందులో ఉంటాయి. డేవిడ్ బోర్డ్‌వెల్ విశ్లేషణ చిన్నది, దర్శకత్వం నేర్చుకునేవాళ్లు వదలకూడదు. 1948 నాటి రేడియో నాటకం కూడా పెట్టారు. బెర్గ్‌మనే మాట్లాడింది, డెవ్లిన్‌గా జోసెఫ్ కాటన్. మాటలు దాదాపు అవే అయినా చూపులు లేకపోయేసరికి బాల్కనీ దగ్గర ఇద్దరూ ఎందుకు ఊరుకున్నారో చెవికి అందదు. సినిమా చూసిన మర్నాడు దాన్ని వింటే, గ్రాంట్ ముఖం కదపకుండా ఎంత పని చేశాడో తెలుస్తుంది. 2001లో ఇదే సంస్థ తెచ్చిన డీవీడీ మీ దగ్గర ఉంటే బొమ్మ నాణ్యత కోసం ఇది మళ్లీ కొనొచ్చు. 2012 నాటి ఎమ్‌జీఎమ్ బ్లూరే ఉన్నవాళ్లు, ఈ వ్యాఖ్యానాలూ విశ్లేషణా మీకు అవసరమనుకుంటేనే సగం ధర సేల్‌లో తీసుకోండి.